అమ్మ ఫోన్‌కి వచ్చే దొంగ కాల్స్: ఇవాళే కూర్చుని చేసి పెట్టాల్సిన పనులు

నమస్కారం అండి. ఈ వీడియో చూసేటప్పుడు మధ్యాహ్నం పూట ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్ల ఫోన్ మీ చేతిలో ఉంటే మంచిది. అమ్మదో, నాన్నగారిదో, అత్తగారిదో. మధ్యమధ్యలో వీడియో ఆపుకుంటూ, నేను చెప్పినవి అక్కడికక్కడే సెట్ చేస్తూ రండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. పోయిన వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం రెండింటికి మా అమ్మకి కాల్ వచ్చింది. మీ ఫోన్ నంబర్ రెండు గంటల్లో ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి అని రికార్డింగ్. అమ్మ నొక్కింది. ఒకాయన లైన్‌లోకి వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడాడట. మీ ఆధార్ మీద ముంబైలో ఎవరో సిమ్ తీసుకుని తప్పుడు పనులు చేశారు, కేసు అయింది, నేను మీకు సాయం చేస్తానమ్మా అన్నాడు. ఆ తర్వాత వాట్సాప్‌లో వీడియో కాల్. అవతల పోలీసు యూనిఫాం. తలుపు వేసుకోండి, ఫోన్ పెట్టొద్దు, పిల్లలకి చెప్తే వాళ్లని కూడా కేసులో పెడతాం. అలా నలభై నిమిషాలు. అమ్మ అన్నం తినలేదు. బ్యాంకులో ఎంత ఉందో కూడా చెప్పేసింది.

అప్పుడు పక్కింటి పిన్నిగారు పెరుగు తోడు కోసం వచ్చి తలుపు కొట్టారు. తీయొద్దని అతను గద్దించాడట. తోడు కోసం వచ్చిన మనిషిని వెనక్కి ఎలా పంపిస్తానని అమ్మ తలుపు తీసింది. అమ్మ ముఖం చూడగానే పిన్నిగారికి ఏదో తేడాగా అనిపించి, ఫోన్ తీసుకుని కట్ చేసేశారు. రూపాయి పోలేదు. ఆ తోడు గిన్నెని నేను ఎప్పటికీ మర్చిపోలేను.

ఆ రాత్రి నేను అమ్మని అడిగిన మొదటి ప్రశ్న, ఎందుకు పెట్టేయలేదమ్మా అని. అలా అడగకుండా ఉండాల్సింది. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అవతల మనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఎలా పెట్టేస్తాను కన్నా?"

ఈ వీడియో చేయడానికి కారణం ఆ మాటే. గుమ్మంలోకి వచ్చినవాళ్లని కూర్చోమనాలి, పలకరించినవాళ్లకి బదులు చెప్పాలి అని మన పెద్దవాళ్లు చిన్నప్పటి నుంచి నేర్చుకున్నారు. ఈ దొంగలకి కావాల్సింది సరిగ్గా అదే. అందుకే ఫోన్‌లో ఏ సెట్టింగ్ మార్చే ముందైనా మీ అమ్మగారి పక్కన కూర్చుని ఈ మాట చెప్పండి: "మాట్లాడుతుండగానే పెట్టేయొచ్చమ్మా. ఎవరైనా సరే. నిజంగా పోలీసులైతే ఇంటికి వస్తారు. నిజంగా బ్యాంకైతే మనమే బ్రాంచికి వెళ్లి కనుక్కుందాం. పెట్టేసినందువల్ల ఏ ఇబ్బంది వచ్చినా నేను చూసుకుంటాను."

చెప్పి ఊరుకోకండి, ప్రాక్టీస్ చేయించండి. మేం చేశాం. నేను పక్క గదిలోంచి వేరే నంబర్‌తో ఫోన్ చేసి, గొంతు మార్చి, మీ కరెంట్ ఈ రాత్రి కట్ చేస్తాం అన్నాను. నేనే అని తెలిసి కూడా మొదటి మూడుసార్లు అమ్మ ఎర్ర బటన్ నొక్కలేకపోయింది. బొటనవేలు బటన్ దాకా వెళ్లి ఆగిపోయేది. నాలుగోసారి నొక్కింది. ఒక్క వాక్యం చేతిలో ఉంటే తేలికగా ఉంటుందని, ఏదైనా చెప్పి పెట్టేయమన్నాను. "పొయ్యి మీద కూర ఉంది" అనే మాటని అమ్మే ఎంచుకుంది. మీ ఇంట్లో ఏ మాట తేలికగా నోటికి వస్తే అది.

ఇంకో సంగతి కూడా స్పష్టంగా చెప్పండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. వీడియో కాల్‌లో అరెస్ట్ చేయడం, కాల్‌లోనే ఉంచి డబ్బు వేయించుకోవడం ఏ పోలీసూ, ఏ సీబీఐ చేసే పని కాదు. ఎవరికీ చెప్పొద్దు అన్నారంటే చాలు, అది దొంగ కాల్. నిజమైన పోలీసులు అరెస్ట్ చేస్తే ఇంట్లోవాళ్లకి తెలియజేయాలి, చట్టమే అలా చెప్తుంది.

సరే, ఇప్పుడు ఫోన్ తీయండి.

మొదట వాట్సాప్. భయపెట్టే వీడియో కాల్ వచ్చేది ఎక్కువగా దీంట్లోనే. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ప్రైవసీ నొక్కండి, కిందికి జరిపితే కాల్స్ అని కనిపిస్తుంది. అందులో సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్ ఆన్ చేయండి. తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే ఇక రింగ్ అవదు, లిస్టులో మాత్రం కనిపిస్తుంది.

తర్వాత మామూలు కాల్స్. కాంటాక్ట్స్‌లో లేని నంబర్లన్నిటినీ ఎప్పటికీ మూసేయమని నేను చెప్పను. గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి, హాస్పిటల్ వాళ్లు, మందుల షాపు, వీళ్లందరి నంబర్లూ సేవ్ చేసి ఉండవు కదా. మా అమ్మకి నేను చేసింది ఏమిటంటే, ఆండ్రాయిడ్‌లో డూ నాట్ డిస్టర్బ్‌కి టైమ్ పెట్టాను. రోజూ ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా. అందులోనే కాల్స్ దగ్గర కాంటాక్ట్స్ మాత్రమే అని ఎంచుకున్నాను. పక్కనే రిపీట్ కాలర్స్ అని ఉంటుంది, దాన్ని ఆన్‌లో ఉంచండి. నిజంగా అవసరం ఉన్నవాళ్లు పదిహేను నిమిషాల్లోపు అదే నంబర్ నుంచి రెండోసారి చేస్తే రింగ్ అవుతుంది. ఇది పెట్టాక అమ్మ మధ్యాహ్నాలు ప్రశాంతంగా పడుకుంటోంది.

లోన్ కావాలా, ప్లాట్ కావాలా అంటూ వచ్చే ప్రకటనల కాల్స్ కోసం 1909కి మెసేజ్ పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాల్లో స్టార్ట్ అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, సున్నా కొట్టాలి. ఆ ఫోన్ నుంచే పంపాలి. అయినా ప్రకటనల కాల్స్ వస్తే, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి చెందిన డీఎన్‌డీ యాప్‌లో ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేయొచ్చు. ఓటీపీలు ఆగిపోతాయేమో అని చాలామంది భయపడతారు, ఆగవు. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ప్రకటనలు వద్దన్న నంబర్ల ఈ లిస్టుని చూసి దొంగలు ఫోన్ చేయడం మానరు. దీనివల్ల తగ్గేది రోజువారీ చికాకు. అది తగ్గినా మేలే, ఎందుకంటే రోజుకి పది కాల్స్‌తో విసిగిపోయిన మనిషి, పదకొండోది దొంగ కాల్ అయినా జాగ్రత్తగా గమనించలేరు.

నంబర్ల గురించి ఒక్క మాట. ప్రకటనలకి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకులు ఖాతా విషయాలు చెప్పడానికి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పది అంకెల మొబైల్ నంబర్ నుంచి "మేం బ్యాంకు నుంచి" అంటే అక్కడే అనుమానించాలి. ఏ నంబర్ నుంచి అయినా ఓటీపీ అడిగితే చెప్పకూడదు.

ఇప్పుడు చాలామందికి తెలియనిది ఒకటి. మీ పార్శిల్ ఆగిపోయింది, ఈ నంబర్ కొట్టండి అని స్టార్ 401 స్టార్ అంటూ మొదలయ్యేది ఏదో చెప్తారు. అది కొడితే మనకి వచ్చే కాల్స్ వాళ్ల ఫోన్‌కి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ఫోన్‌లో చెప్పే ఓటీపీలు కూడా. ఇలా ఫార్వర్డ్ చేసే పద్ధతిని 2024 ఏప్రిల్ 15 నుంచి ఆపమని టెలికాం శాఖ కంపెనీలని ఆదేశించింది. అయినా మీరు ఒకసారి ##002# డయల్ చేసేయండి. ఫార్వర్డింగ్ ఏదైనా ఉంటే తీసేస్తుంది. అర నిమిషం పని.

పిల్లలు అమెరికాలోనో, హాస్టల్‌లోనో ఉన్న ఇళ్లకి ఇంకో రకం కాల్ వస్తోంది. మీ అబ్బాయిని పట్టుకున్నాం, వెంటనే డబ్బు పంపండి అంటారు. వెనక ఏడుపు వినిపిస్తుంది, ఆ గొంతు అచ్చం మన పిల్లవాడిదే అనిపిస్తుంది. గొంతుని కంప్యూటర్‌తో పుట్టించడం ఇప్పుడు కష్టం కాదు. దీనికి మేం ఇంటి మాట ఒకటి పెట్టుకున్నాం. మా అమ్మమ్మగారింట్లో ఒకప్పుడు ఉన్న ఆవు పేరు. ఎక్కడా రాయలేదు, ఏ ఫోటో కింద పెట్టలేదు. ఎవరికి ఎంత ఆపద అని చెప్పినా, ముందు ఆ పేరు అడుగుతాం. మీరూ అలాంటిది ఒకటి అనుకోండి, పుట్టినరోజులు, పెంపుడు కుక్క పేర్లు మాత్రం వద్దు. అవన్నీ ఫేస్‌బుక్‌లో దొరుకుతాయి.

ఇప్పుడు చెప్పేది ఆడపిల్లలున్న ఇళ్లకి. ఎత్తితే మాట్లాడకుండా ఊపిరి వినిపించే కాల్స్, అసభ్యంగా మాట్లాడే కాల్స్, వద్దన్నా పదే పదే చేసేవాళ్లు. ఇవి వస్తే చాలా ఇళ్లలో ముందు అమ్మాయినే అడుగుతారు, నీ నంబర్ వాడికి ఎలా వెళ్లింది అని. దయచేసి అలా అడగకండి. అలా అడుగుతారన్న భయంతోనే పిల్లలు నెలల తరబడి లోపలే పెట్టుకుంటారు.

చేయాల్సింది ఇది. "ఇక నాకు ఫోన్ చేయొద్దు" అని ఒక్కసారి మెసేజ్ పెట్టండి. తిట్టొద్దు, కారణాలు చెప్పొద్దు. ఆ మెసేజ్ సాక్ష్యం అవుతుంది. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా మగవాడు మళ్లీ మళ్లీ వెంటపడి మాట్లాడాలని చూస్తే అది నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. మెసేజ్ పంపాక ఇక జవాబు ఇవ్వొద్దు. కాల్ లిస్టు చెరిపేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి ఇంకో ఫోన్‌కి కూడా పంపి ఉంచండి. తేదీ, టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫిర్యాదు ఏ స్టేషన్‌లో అయినా ఇవ్వొచ్చు, మా పరిధి కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి. తెలంగాణలో ఆడవాళ్ల రక్షణ కోసం షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి, 2014 నుంచి ఇదే పనిలో ఉన్నారు. భయంగా ఉంటే నేరుగా ఎమర్జెన్సీ నంబర్ 112కి చేయండి.

చిన్నపిల్లల సంగతి కూడా చూసుకోండి. లాక్ వేసి ఉన్న ఫోన్ నుంచి కూడా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఎంతోమందిని బతికించిన నంబర్ అది. ఆటకి ఫోన్ చేసి పెట్టేస్తే ఆ నిమిషం ఇంకెవరికో లైన్ దొరకదు అని పిల్లలకి మీరే చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది.

ఇక, ఇన్ని చేసినా ఎవరైనా మోసపోతే. డబ్బు పోయిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు పేరు, ఎంత, ఎన్నింటికి, లావాదేవీ నంబర్, ఇవి దగ్గర పెట్టుకోండి. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి మారిపోయేలోపు ఆపించే ఏర్పాటు అది, అందుకే గంటలు ముఖ్యం. ఇంట్లోవాళ్లు తిడతారేమో అని రేపటిదాకా ఆగితే డబ్బు చాలా దూరం వెళ్లిపోతుంది. డబ్బు పోలేదు, కాల్ మాత్రమే వచ్చింది అంటే, టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఇలాంటి ఫిర్యాదుల కోసం చక్షు అని ఉంటుంది, అక్కడ ఆ నంబర్ ఇవ్వండి. ముప్పై రోజుల లోపల వచ్చిన కాల్ అయి ఉండాలి.

మా ఇంట్లో గోడ క్యాలెండర్ పక్కన ఒక అట్ట మీద 1930, 112, నా నంబర్, పక్కింటి పిన్నిగారి నంబర్ పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. కళ్లజోడు లేకుండా కనిపించేంత పెద్దగా రాయండి.

మొన్న ఆదివారం ఫోన్‌లో చుట్టాల పెళ్లి సంగతులు చెప్తూ చెప్తూ అమ్మ మధ్యలో అంది, పొద్దున ఎవరో సీబీఐ అని చేశాడురా, కూర ఉందని చెప్పి పెట్టేశాను అని. ఆ వెంటనే మళ్లీ పెళ్లి చీరల దగ్గరికి వెళ్లిపోయింది.