మొటిమల క్యాప్సూల్ వేసుకునే ముందు

శ్రోతలందరికీ నమస్కారం.

కొన్ని నెలల క్రితం ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని మా క్లినిక్‌కు వచ్చింది. 22 ఏళ్ల కుర్రవాడు. బుగ్గల మీద, వీపు నిండా గడ్డల్లాంటి మొటిమలు. ముట్టుకుంటే నొప్పి. పూతమందులు, యాంటీబయాటిక్ మాత్రలు అన్నీ అయిపోయాయి. ఐసోట్రెటినాయిన్ అనే క్యాప్సూల్ మొదలుపెడదామని నేననగానే ఆవిడ సంచిలోంచి ఒక రిపోర్టు తీసింది. "వీడికి కొలెస్ట్రాల్ ఎక్కువుందన్నారు డాక్టరు గారూ. వాళ్ల నాన్నకి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చింది. ఈ మందు వాడితే గుండెకేమైనా అవుతుందా?"

ఆ ప్రశ్న అడిగినందుకు ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను. చాలామంది ఆ రిపోర్టు సంగతి స్కిన్ డాక్టర్‌కి చెప్పనే చెప్పరు. మొటిమలకూ కొలెస్ట్రాల్‌కూ ఏం సంబంధం అనుకుంటారు.

సంబంధం ఉంది. ఐసోట్రెటినాయిన్ విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు. అమెరికాలో 1982 నుంచీ వాడుకలో ఉంది. చర్మంలోని నూనె గ్రంథులను ఇది బాగా కుదించేస్తుంది. ముదిరిన మొటిమలకు ఇంత గట్టిగా పనిచేసే మందు మరొకటి లేదు. అయితే ఇది కాలేయం మీద కూడా పనిచేస్తుంది. కాలేయం రక్తంలోకి వదిలే కొవ్వు పెరుగుతుంది, ఆ కొవ్వు ఖర్చయ్యే వేగం తగ్గుతుంది. ఈ మందు వాడేవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వులు, పెరుగుతాయి. కొందరిలో మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, మరికొందరిలో మొత్తం కొలెస్ట్రాల్ కొంత పెరుగుతుంది. మందు ఆపాక మామూలుగా ఇవన్నీ మళ్లీ పాత స్థితికి వస్తాయి.

మనం "కొలెస్ట్రాల్ ఉంది" అని ఒక్క మాటలో అనేస్తాం. లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలోని కొవ్వుల పరీక్ష, కాగితంలో మాత్రం నాలుగైదు అంకెలుంటాయి. గుండె డాక్టర్ ముందుగా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, వైపు చూస్తారు. ఈ మందు విషయంలో నా కళ్లు ముందు ట్రైగ్లిజరైడ్స్ మీదకు పోతాయి. 150 లోపు ఉంటే మామూలు. 200 దాటితే ఎక్కువ. 500 దాటితే చాలా ఎక్కువ. అది 1000 వైపు వెళ్లిందంటే క్లోమం వాచిపోయే ప్రమాదం ఉంది. దాన్నే ప్యాంక్రియాటైటిస్ అంటారు. అది ప్రాణం మీదకు తేగల జబ్బు. ఆ తల్లి భయం గుండె గురించి. కొద్ది నెలల ఈ వైద్యంలో నా భయం క్లోమం గురించి. ఈ మందు వాడుతుండగా పొట్ట పైభాగంలో విపరీతమైన నొప్పి వచ్చి, వీపులోకి పాకి, వాంతులైతే గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి. క్యాప్సూల్ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అంటే కొలెస్ట్రాల్ ఉన్నవాళ్లు ఈ మందు వాడకూడదా? అందరికీ ఒకే జవాబు లేదు. రక్తంలో కొవ్వులు మరీ ఎక్కువగా ఉంటే ఇవ్వకూడదు. ముందు వాటిని కిందకు దించాలి. ఓ మోస్తరుగా ఉంటే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నెలకో రెండు నెలలకో రక్తపరీక్ష చేయిస్తూ నడిపించవచ్చు. ఆ కుర్రవాడి ట్రైగ్లిజరైడ్స్ 240. తక్కువ మోతాదులో మొదలుపెట్టాం.

ఇక్కడ తిండి విషయంలో ఒక చిక్కుంది. ఈ క్యాప్సూల్ కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి బాగా పడుతుంది. ఖాళీ కడుపుతో వేసుకుంటే సగం వృథా. కొలెస్ట్రాల్ భయంతో నూనె చుక్క లేని పుల్కా తిని క్యాప్సూల్ మింగి, నెలలు గడిచినా తగ్గలేదని వచ్చేవాళ్లను చూశాను. నెయ్యి గిన్నె ముందు పెట్టుకోమని నేననడం లేదు. పల్లీలు, చేప, గుడ్డు, తాలింపు వేసిన పప్పు ఉన్న భోజనం చాలు. ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచడంలో నూనెతో పాటు మన కంచంలోని అన్నం గుట్ట, కూల్ డ్రింకులు, స్వీట్లు, అన్నిటికంటే మద్యం పెద్ద దోషులు. మందు వాడినన్నాళ్లూ మద్యం జోలికి పోకండి. విటమిన్ ఎ మాత్రలు విడిగా వేసుకోకండి.

కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర వాడుతున్నవాళ్లు దాన్ని సొంతంగా ఆపొద్దు. రెండు మందులకూ కండరాల నొప్పులు తెచ్చే గుణం ఉంది కాబట్టి, ఒళ్లు నొప్పులు మొదలైతే డాక్టర్‌కి చెప్పండి.

ఆడపిల్లలకు మరో మాట, దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఈ మందు వాడుతున్నప్పుడు గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవయవ లోపాలు రావచ్చు. మొదలుపెట్టడానికి నెల ముందు నుంచి, ఆపిన తర్వాత నెల వరకు గర్భం రాకూడదు. పీసీఓఎస్, అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గాడి తప్పే సమస్య, ఉన్న అమ్మాయిల్లో మొటిమలూ, ట్రైగ్లిజరైడ్స్ పెరగడమూ రెండూ కలిసి కనిపిస్తుంటాయి. కొన్ని గర్భనిరోధక మాత్రలు కూడా ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతాయి. అందుకే వాడుతున్న ప్రతి మందు పేరూ డాక్టర్ ముందు పెట్టాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది. ఫ్రెండ్ ముఖం నున్నగా అయిందని అదే క్యాప్సూల్ పేరు ఫోన్‌లో ఫోటో తీసుకుని మెడికల్ షాపులో కొనుక్కునే పిల్లలు ఉన్నారు. రక్తపరీక్ష లేదు, మోతాదు లెక్క లేదు. ఆ ఫ్రెండ్ ట్రైగ్లిజరైడ్స్ 90 అయి ఉండొచ్చు, వీళ్లవి 400 ఉండొచ్చు. బయటికి ఏమీ తెలియదు. దయచేసి అలా చేయకండి. కొవ్వులు మరీ ఎక్కువని తేలినా దారి మూసుకుపోదు. అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పూతమందులు రక్తంలోని కొవ్వును పెంచవు. కాకపోతే నిదానంగా పనిచేస్తాయి, ముదిరిన మొటిమలకు ఈ క్యాప్సూల్ అంత గట్టిగా పనిచేయవు.

ఆ కుర్రవాడి ట్రైగ్లిజరైడ్స్ మొదటి నెలలో 310కి పెరిగాయి. మోతాదు పెంచకుండా ఆగాం. అతను రోజూ సాయంత్రం తాగే కూల్ డ్రింక్ మానేశాడు, రాత్రి అన్నం సగం చేశాడు. రెండో నెలకు 215. వీపు మీది గడ్డలు మెత్తబడ్డాయి. మొన్న మళ్లీ టెస్టుకు వచ్చాడు. పన్నెండు గంటలు ఏమీ తినకుండా వచ్చి, రక్తం ఇచ్చి, వాళ్లమ్మ డబ్బాలో పెట్టి పంపిన ఇడ్లీలు పల్లీ చట్నీతో అక్కడే బెంచీ మీద కూర్చుని తిని, ఆ తర్వాతే క్యాప్సూల్ వేసుకున్నాడు.