మా మేడకి పదికి ఎన్ని? ఇంటి నుంచే సందెపొద్దు ఫోటోలు, వైజాగ్ రివ్యూ

నమస్తే అండీ. ఈసారి రివ్యూకి కొత్త ఫోనేమీ లేదు. ఉన్నదాని ఈఎమ్ఐయే ఇంకా తీరలేదు. అందుకని నాలుగేళ్ళుగా రోజూ వాడుతున్నదాన్నే పెడుతున్నా. మా మేడ. సీతమ్మధారలో రెండంతస్తుల ఇల్లు, పైన నల్ల నీళ్ళట్యాంకు, బట్టల దండెం, మూల ఒక కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. సందెపొద్దు ఫోటోలకి ఇది ఎంతవరకు పనికొస్తుందో ఇవాళ చూద్దాం.

టైము 5:25. కార్తీకమాసం కదా, పొద్దు గబుక్కున పోతుంది. ఇదిగో, సూర్యుడి అంచు కూడా పోయింది. సూర్యుడు పోయాక వీడియో మొదలెట్టాడేంటి అనుకుంటున్నారా? ఉండండి, చెప్తా.

ముందు బీచ్ గొడవ తేల్చేద్దాం. వైజాగ్ వచ్చిన చుట్టాలు సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్ళి, అరగంట నిలబడి, "ఒరే, సూర్యుడేడిరా?" అని నాకు ఫోన్ చేస్తారు. మనది తూర్పు తీరం అండీ. ఆయన పొద్దున్న సముద్రంలోంచి వస్తాడు, సాయంత్రం ఊరి వెనక్కి, కొండల వెనక్కి పోతాడు. అంటే సందె ఫోటోలకి బీచ్ రోడ్డు కంటే మా మేడే మేలు. ఇదేదో సొంత డబ్బా అనుకోకండి, దిక్కుల లెక్క.

దిక్కులంటే ఇంకోటి. సూర్యుడు రోజూ ఒకేచోట దిగడు. మా మేడ మీంచి చూస్తే జూన్‌లో సింహాచలం కొండ వైపు దిగుతాడు, డిసెంబరులో గాజువాక వైపు. రెండిటి మధ్యా దాదాపు 49 డిగ్రీలు. చెయ్యి బారుగా చాచి పిడికిలి పట్టండి, ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అలాంటివి ఐదు పిడికిళ్ళు పక్కకి జరుగుతాడన్నమాట. అందుకే మీ ఇంట్లో ఇవాళ అడ్డొచ్చిన కొబ్బరిచెట్టు మూడు నెలలకి అడ్డు రాదు. మాకైతే పక్కింటి అంకుల్ ఇంకో అంతస్తు లేపుతున్నారు. జూన్ సూర్యుడికి ఢోకా లేదు, డిసెంబరు సూర్యుడు మాత్రం ఆయన పిల్లర్ల చువ్వల్లో ఇరుక్కుంటాడు.

ఇప్పుడు అసలు సంగతి. పైన చూడండి, ఈకల్లాంటి పలచటి మబ్బు. తెల్లగా ఉంది, మామూలుగా ఉంది. మనకి సూర్యుడు కనపడట్లేదు గానీ, ఆరేడు కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఆ మబ్బుకి ఇంకా కనపడుతున్నాడు. ఇంకాసేపట్లో దాని అడుగు భాగానికి వెలుగు తగులుతుంది. పొద్దువాలాక పది, పదిహేను నిమిషాలకి వచ్చే రంగు అదే. గుండ్రటి సూర్యుణ్ణి ఫోటో తీసుకుని కిందకి దిగిపోయేవాళ్ళు పోగొట్టుకునేదీ అదే. నేనూ రెండేళ్ళు అలాగే పోగొట్టుకున్నా. ఒకరోజు వాన వెలిసింది, ఫోటో తీసేసి కింద టీ తాగుతున్నా. బట్టలు తియ్యడానికి పైకెళ్ళిన అమ్మ, "ఏట్రా ఈ ఆకాశం, కుంకం ఒలికినట్టుంది!" అని కేకేసింది. నేను మెట్లెక్కేసరికి సగం ఆరిపోయింది. ఆ సగమే ఇప్పుడు స్క్రీన్ మీద వేస్తున్నా చూడండి. దండెం మీద లుంగీ కూడా పడింది, పట్టించుకోకండి.

మనకి టైము తక్కువ కూడా. ఇక్కడ సూర్యుడు నిట్టనిలువునా దిగుతాడు కాబట్టి పొద్దువాలాక మిగిలే ఈ సందె వెలుగు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలే. లండన్‌లో ఉన్న మా బావ జూన్‌లో వీడియో కాల్ చేస్తే, వాళ్ళకి ముప్పావు గంట సాగుతుంది. అన్నం తిని వచ్చి కూడా ఫోటో తీస్తాడు. కుళ్ళు నాకు.

సరే, "దుమ్మూ పొగా ఉంటేనే రంగులు బాగుంటాయి" అని కామెంట్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు రాస్తారు. అంచున ఉన్న సూర్యుడి వెలుగు మన దాకా రావాలంటే నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు 38 రెట్లు గాలిని దాటాలి. ఆ దారిలో నీలం అంతా చెదిరిపోతుంది, మిగిలేది ఎరుపు. దానికి గాలి ఒక్కటే చాలు. కింది దుమ్ము కలిస్తే రంగు మట్టికొడుతుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ప్రపంచమంతా ఆకాశం ఎర్రబడిందంటే, ఆ రేణువులు మబ్బుల కంటే చాలా పైకి వెళ్ళాయి కాబట్టి. మా వీధి దుమ్ముకి అంత సీను లేదు. నాకు బాగా పడిన ఫోటోలన్నీ వాన వెలిసిన సాయంత్రాలవే.

ఇక కెమెరా. ఫోన్‌లో సూర్యుడు ఆవగింజంత పడతాడని అందరి బాధ. పడతాడు మరి, మామూలు లెన్సులో ఫ్రేము వెడల్పులో నూట అరవయ్యో వంతు ఉంటాడంతే. నా పాత సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కెమెరాకి, దూరంవాటిని దగ్గరగా చూపే 250 ఎంఎం లెన్సు పెడితే పదో వంతు అవుతాడు. కాకపోతే దాని వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి చూడకండి, కన్ను పోతుంది. వెనక స్క్రీన్ మీదే చూడండి. ఫోనుతో మబ్బులు తియ్యండి, ఆకాశం తియ్యండి, అందులో అది రాజా.

ఫోనుకి నేను చేసే మార్పులు రెండే. వైట్ బ్యాలెన్స్, అంటే ఫోటోలో రంగులు సరిచేసే సెట్టింగు, ఆటోలో ఉంటే, నారింజ రంగుని ఏదో తప్పనుకుని తెల్లగా దిద్దేస్తుంది. సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో దాన్ని 5500 కెల్విన్ దగ్గర కట్టేస్తా. రెండోది, ఆకాశం మీద వేలు పెట్టి వెలుతురు కిందికి లాగుతా. ట్యాంకు నల్లగా అయిపోతే అవ్వనీండి. నైట్ మోడ్ పెడితే ట్యాంకు మీద కాకి రెట్ట కూడా కనిపిస్తుంది, ఎవడికి కావాలి?

ఇదిగో, ఈ ఫోటో జూమ్ చేస్తా. ఈ మూల ఆకుపచ్చ చుక్క కనిపించిందా? చాలామంది లెన్సు పాడైందనుకుంటారు. అది లెన్సు లోపల పడ్డ సూర్యుడి ప్రతిబింబం. ఫ్రేము నడిమి నుంచి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో, సరిగ్గా ఎదురువైపు అంతే దూరంలో చుక్క పడుతుంది. సూర్యుణ్ణి ట్యాంకు అంచు చాటుకి తెచ్చారా, చుక్క మాయం. అది కాక ఫోటో అంతా పాలు కలిపినట్టుంటే మాత్రం లెన్సు మీద జిడ్డు, మా ఊళ్ళో అయితే ఉప్పు గాలి. పాత నూలు లుంగీ ముక్కతో తుడవండి.

మార్కులు. వంటింటి కిటికీకి మూడు. దోమల జాలీ తియ్యడానికి అమ్మ ఒప్పుకోదు. వీధి చివరకి ఐదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకి అక్కడి చింతచెట్టు పడిపోయింది, అప్పటినుంచి పడమర బాగా తెరిచింది. అయినా చెట్టుంటేనే ఆరు ఇచ్చేవాణ్ణి. మేడకి ఎనిమిది. రెండు తగ్గించింది కేబుల్ వైర్లకి అనుకునేరు. మొదట్లో వాటిని ఎడిట్‌లో చెరిపేవాణ్ణి, ఇప్పుడు వదిలేస్తున్నా. వైర్లూ వాటి మీద కాకులూ లేకపోతే అది మా వీధి ఆకాశంలా అనిపించట్లేదు. తగ్గించింది పిల్లర్లకి, అంకుల్ ఈ వీడియో చూడరులెండి.

అన్నట్టు, ఒకసారి వెనక్కి తిరగండి. తూర్పు. అపార్ట్‌మెంట్ల సందులో ఆ కాస్త సముద్రం ఉంది చూశారా, దాని పైన నీలిబూడిద రంగు పట్టీ, దాని మీద గులాబీ పట్టీ. ఆ నీలం మన భూమి నీడ అండీ. అంత పెద్ద నీడ మన మేడ మీంచి కనిపిస్తోంది, అందరూ పడమర చూస్తుంటారు కాబట్టి ఎవరూ...

ఆ, మొదలైంది. మొదలైంది! ఈకల అడుగున నారింజ పట్టేసింది. 5:36. నాకు ఇప్పుడు ఫోను కావాలి, ఈ వీడియో తీస్తున్నదీ దాంతోనే. ఆపేస్తున్నా, ఉంటా!