గోడలోకి పోయే వైరు సంగతి
(కావలిలో సొంత ఇల్లు కట్టుకుంటున్నవారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. స్లాబ్ పడినవాళ్లూ, ఇంకా పడాల్సినవాళ్లూ ఇక్కడున్నారు కాబట్టి, ఇంట్లో ఇంటర్నెట్ కోసం గోడల్లో వేసే కేబుల్ గురించి అసలు మాట ముందే చెప్పేస్తాను. రూటరు పాడైతే సాయంత్రానికి ఇంకోటి తెచ్చుకోవచ్చు. గోడలో పూడిన కేబుల్ పాడైతే పెయింటుతో సహా పోతుంది. అందుకని పొదుపు ఎక్కడైనా చేసుకోండి, పైపు దగ్గరా కేబుల్ దగ్గరా మాత్రం వద్దు.

నెట్ కేబుళ్లలో క్యాట్ 6 అనే రకం, పూర్తి రాగిది తీసుకోండి. క్యాట్ 7, క్యాట్ 8 అని అంటగట్టేవాళ్లుంటారు, ఇంటికి అంత అక్కర్లేదు. క్యాట్ 6 మీద 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగం, అంటే సెకనుకు 1000 మెగాబిట్లు, వస్తుంది. రెండంతస్తుల ఇంట్లో ఒక్కో లైను 30 మీటర్లు దాటడమే అరుదు. జాగ్రత్త పడాల్సింది సీసీఏ అనే రకంతో. అది అల్యూమినియం తీగకు రాగి పూత పూసింది. బాక్సు ఎత్తి చూస్తేనే తేలిగ్గా ఉంటుంది. తీగను బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది, నాలుగుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కుమంటుంది. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి అలాంటి తీగ చివర్లు త్వరగా చెడతాయి. జాక్‌లు, అంటే కేబుల్ చివర గోడలో బిగించే సాకెట్లు, కూడా పిన్నులకు బంగారు పూత ఉన్నవే కొనండి.

హాల్లో టీవీ దగ్గర రెండు, పడగ్గదుల్లో ఒక్కోటి, పని చేసుకునే బల్ల దగ్గర ఒకటి, మేడ మీద వైఫై కోసం సీలింగులో ఒకటి. రెండు పడగ్గదుల ఇంటికి మొత్తం ఆరు లైన్లు. సగటున 15 మీటర్ల చొప్పున 90 మీటర్లు. గోడ పెట్టెలో 30 సెంటీమీటర్లు, నెట్‌వర్క్ స్విచ్చి (లైన్లన్నిటినీ కలిపే పెట్టె) ఉండే చోట మీటరు వదులుకోవాలి గనక 100 మీటర్ల చుట్ట బొటాబొటిగా సరిపోతుంది. 305 మీటర్ల బాక్సును ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు కలిసి కొనుక్కుంటే మేలు. అన్ని లైన్లూ ఒకే చోటికి, 8 పోర్టుల గిగాబిట్ స్విచ్చి దగ్గరికి రావాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి గొలుసులా లాగకండి.

“కరెంటు పైపులోనే లాగేద్దాం లే సార్” అంటారు మనవాళ్లు. ఒప్పుకోకండి. 230 వోల్టుల వైరు ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే ఆ కరెంటు నేరుగా కంప్యూటరు దాకా వస్తుంది. పైపు వేరుగా వేసి, కరెంటు పైపుకు జానెడు ఎడం ఉంచండి. దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించండి. 25 ఎంఎం పైపులో నాలుగు కేబుళ్లు సులువుగా పడతాయి. ఎల్బోలు వద్దు, వంపు తిరిగిన బెండ్లు వాడండి. లాగేటప్పుడు 11 కిలోల బలం దాటకూడదు. బిగుసుకుంటే వెనక్కి తీసి మళ్లీ లాగండి. కేబుల్ లోపల ఎనిమిది తీగలు రెండేసి చొప్పున నాలుగు జతలుగా మెలేసి ఉంటాయి. గట్టిగా గుంజితే ఆ మెలికలు సాగిపోతాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు.

ఇప్పుడు చివర్ల పని. చెడేదంతా ఇక్కడే. గోడ వైపు ప్లగ్ కొట్టకండి, తీగల్ని జాక్ గాడుల్లోకి దించే పంచింగ్ టూల్‌తో జాక్ బిగించండి. జాక్ మీద ‘బి’ అని ఉన్న రంగుల వరుసే రెండు చివర్లా పాటించండి: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఇది ప్లగ్‌లో పిన్నుల వరుస. జాక్‌లో గాడులు వేరే క్రమంలో ఉండొచ్చు, అప్పుడు దాని మీది రంగులనే నమ్మండి. మెలిక విప్పేది అర అంగుళం మించకూడదు. సుఖంగా ఉంటుందని రెండంగుళాలు విప్పేస్తే జతల మధ్య సిగ్నలు కలిసిపోతుంది.

మూడో పిన్ను, ఆరో పిన్ను ఒకే జత అని గుర్తుంచుకోండి. ఆకుపచ్చలు రెండూ పక్కపక్కన పెట్టేసి, నీలాలు రెండూ పక్కపక్కన పెట్టేసి, రెండు చివర్లా అదే తప్పు చేస్తే చవక టెస్టరులో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి. నెట్ మాత్రం నత్తనడక నడుస్తుంది. టెస్టరు చెప్పేది తీగ తెగలేదని మాత్రమే. అందుకని లైటుతో పాటు కంప్యూటరులో లింకు వేగం కూడా చూడండి. 1000 రావాల్సిన చోట 100 చూపిస్తే ఏదో జత అందడం లేదు. 100కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. చాలావరకు నీలం గానీ గోధుమ గానీ సరిగ్గా దిగి ఉండదు, పంచింగ్ మళ్లీ కొడితే సరిపోతుంది.

పాత రూటరును మేడ మీద వైఫైకి వాడుకునేవాళ్లు దాని డీహెచ్‌సీపీ (ఫోన్లకూ కంప్యూటర్లకూ నెట్‌వర్క్ చిరునామాలు పంచే పని) ఆపేయండి. కింది రూటరు చిరునామా 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇచ్చి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్నది) కాకుండా ల్యాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల కోసం ఉన్నది) పెట్టండి. డీహెచ్‌సీపీ రెండూ నడిస్తే ఇంట్లో కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు. అప్పుడు నెట్ కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఒకే కేబుల్ రెండు చివర్లూ ఒకే స్విచ్చిలో పెట్టినా మొత్తం నెట్‌వర్క్ స్తంభించిపోతుంది.

పక్కింట్లో ఉన్న అన్నగారింటికి లైను లాగాలనుకునేవాళ్లకు ఒక్క మాట. డాబాల మీదుగా రాగి కేబుల్ వేయకండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానులు, పిడుగులు. దూరంగా పిడుగు పడినా ఆ తీగలో వోల్టేజీ పుట్టి రెండు ఇళ్ల పోర్టులూ కాలిపోవచ్చు. లోహం లేని ఫైబర్ వేసి, రెండు వైపులా మీడియా కన్వర్టరు (ఫైబర్‌ను రాగి కేబుల్‌కు కలిపే పెట్టె) పెట్టుకోండి.

ప్లాస్టరింగ్ మొదలయ్యే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, కొలత కనపడేలా ఫోటో తీయించండి. కేబుల్ రెండు చివర్లా నంబరు రాసి అతికించండి. ఇక బల్ల మీద తలా మీటరు కేబుల్, ఒక జాక్ పెట్టాం. సీసీఏ ముక్కలు కూడా కలిపే ఉన్నాయి, ముందు అవి ఏరండి.