మీద కూర్చున్నవాడి కింద నుంచి రొయ్యలా

నమస్కారమండీ. మొన్న నేను ఆత్మరక్షణ నేర్పే మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, గుద్దడం నేర్పండి చాలు, ఈ నేల మీద దొర్లడం ఎందుకండీ?" అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా, అంటే కర్రసాము, కత్తిసాము చూస్తూ పెరిగిన ఊళ్లు మనవి. నిలబడి కర్ర తిప్పడం, కొట్టడమే విద్య అనుకోవడంలో వాడి తప్పేం లేదు.

వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, గుండెల మీద కూర్చుని, "ఇప్పుడు గుద్దరా" అన్నాను. నడుం తిరగదు, కాలు ఆనదు. గుద్దులో బలం ఎక్కడినుంచి వస్తుంది? చేతులు గాల్లో ఈత కొట్టాయంతే.

దీనికి విరుగుడు భీమవరం, పాలకొల్లు వాళ్లు రోజూ చెరువులో చూసేదే. రొయ్యని పట్టబోతే తోక లోపలికి ముడిచి, ఒక్క కొట్టుతో వెనక్కి పోతుంది. నేల మీద పట్లు పట్టే జియు జిట్సు విద్యలో ఈ కదలికకి పేరే రొయ్య. జపాన్ వాళ్లు ఎబీ అంటారు, అదీ రొయ్యే.

పైవాణ్ణి ఎత్తి పారేయాలని చూడకండి. వాడు కదలడు, కదలాల్సింది మీరు. ఒక కాలు మడిచి పాదం నేలకి ఆనించండి. పక్కకి ఒత్తిగిలండి. చేతులు వాడి తుంటికి అడ్డంపెట్టి, నేలని తన్ని, నడుముని వెనక్కి జరపండి. జానెడు సందు చిక్కితే అందులో మోకాలు దూర్చండి. ఒక్కసారికి రాదు, మళ్లీ జరగండి. చెడుగుడు ఆడినవాళ్లకి ఇది తొందరగా పట్టుబడుతుంది. మడమ దొరికిపోయినా గీత వైపు జరగడం వాళ్ల ఒంటికి అలవాటు కదా.

1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ జరిగింది, రకరకాల విద్యల వాళ్లు ఒకరితో ఒకరు తలపడే పోటీ అది. దాదాపు 80 కిలోల జియు జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గుర్ని లొంగదీశాడు. ఆ దెబ్బకి నేల మీది పట్ల విలువ లోకానికి తెలిసింది. కానీ అక్కడ ఎదురుగా ఉన్నది ఒక్కడే. మన రోడ్డు మీద వాడి తమ్ముడొచ్చి మీ తల మీద తంతాడు. కత్తి ఉండొచ్చు. అందుకే పట్టు దొరికినా కిందే ఉండిపోకండి. రెండు పాదాలూ వాడి తుంటి మీద పెట్టి తోసేయండి, ఒక చెయ్యి మొహానికి అడ్డం, ఒక చెయ్యి నేల మీద, కాలు వెనక్కి లాగి లేవండి. లేచాక పరుగే. గట్టు మీదైతే కాలవ ఎటుందో చూసుకోండి ముందు.

ఆ కుర్రాడు వారం నుంచి షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి రొయ్యలా పాకుతున్నాడు. వాళ్లకి రొయ్యల చెరువే ఉందట.