ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న ఆ హాలు

అందరికీ నమస్కారం. ఇవాళ ఏప్రిల్ 27, జొహానెస్‌బర్గ్‌లో ఫ్రీడమ్ డే సెలవు. మా అత్తయ్యగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఫ్లైట్ రెండు గంటలు లేటన్నారు. అందుకే కెంప్టన్ పార్క్‌లో కారు ఆపాను.

వెనకాల లైట్లు కనిపిస్తున్నాయి కదా, అది ఎంపరర్స్ ప్యాలెస్. ఇప్పుడు క్యాసినో, హోటళ్లు. ఒకప్పుడు ఇక్కడే వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉండేది. వర్ణవివక్షకు ముగింపు పలికే చర్చలు 1991 డిసెంబర్ 20న అందులోనే మొదలయ్యాయి. మొత్తం 19 పక్షాలు. మన భారతీయుల నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ కూడా వాటిలో ఉంది.

మొదటి రోజే గొడవ. చివరగా మాట్లాడిన అధ్యక్షుడు డి క్లర్క్, మండేలా పార్టీ ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) తన సాయుధ దళాన్ని వదులుకోలేదని తప్పుపట్టారు. మండేలా మళ్లీ మైకు ముందుకొచ్చి, అందరూ చూస్తుండగానే గట్టిగా బదులిచ్చారు. 27 ఏళ్లు జైల్లో ఉన్న మనిషి, ఎందుకు ఊరుకోవాలి?

1992 జూన్‌లో బోయ్‌పాటాంగ్ అనే నల్లజాతి బస్తీలో 40 మందికి పైగా చంపేశారు. దానికి ప్రభుత్వాన్నే తప్పుపడుతూ ఏఎన్‌సీ చర్చల నుంచి బయటికొచ్చేసింది. ఇక అంతా అయిపోయిందనుకున్న ఆ రోజుల్లో కూడా ఇద్దరు మాత్రం మాట్లాడుకోవడం ఆపలేదు: ఏఎన్‌సీ తరఫున సిరిల్ రామఫోసా, ప్రభుత్వం తరఫున రూల్ఫ్ మేయర్. అంతకుముందు ఒకసారి చేపలు పట్టడానికి వెళ్తే మేయర్ వేలికి గాలం గుచ్చుకుందట. పట్టకారుతో దాన్ని పీకింది రామఫోసానే. నాకు ఈ కథ చాలా ఇష్టం. కానీ ఒప్పందం కుదిరింది స్నేహం వల్లే అనను. ఆ చలికాలం అంతా జనం సమ్మెలు చేశారు, ఊరేగింపులు తీశారు. ప్రాణాలు పోయాయి. ఆ ఒత్తిడి లేకపోతే ప్రభుత్వం దిగొచ్చేది కాదు. సెప్టెంబర్ 26న మండేలా, డి క్లర్క్ మళ్లీ చర్చలకు దారితీసిన అవగాహన పత్రం మీద సంతకాలు చేశారు.

కమ్యూనిస్టు నాయకుడు జో స్లోవో అయితే, తెల్ల ఉద్యోగుల కొలువులు కొన్నాళ్లు కాపాడదాం, అధికారం కొంతకాలం పంచుకుందాం అన్నారు. సొంతవాళ్లకే నచ్చని మాట అది. చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి!

1993 ఏప్రిల్‌లో నల్లజాతి యువతకు ఎంతో ఇష్టమైన కమ్యూనిస్టు నాయకుడు క్రిస్ హానీని కాల్చి చంపారు. దేశం భగ్గుమనేదే. హంతకుడు తెల్లవాడు, కానీ కారు నంబరు పోలీసులకు చెప్పిందీ ఒక తెల్ల మహిళే. ఆ రోజుల్లోనే మండేలా టీవీలో ఈ సంగతి చెప్పి, ఓర్పు పట్టమని అడిగారు. ఆ జూన్‌లో తెల్లజాతి అతివాదులు ఇదే భవనం అద్దాల్లోంచి సాయుధ వాహనాన్ని లోపలికి తోలారు. అయినా నవంబర్ 18 తెల్లవారుజామున తాత్కాలిక రాజ్యాంగం మీద ఒప్పుకున్నారు. 1994లో ఇదే తారీఖున అందరూ ఓటేశారు.

మా పక్కింటి ఆంటీ పూర్వీకులు మద్రాసు ఓడెక్కి చెరకు తోటల పనికి డర్బన్ వచ్చిన తెలుగువాళ్లు. తెలుగు ఆమెకు నాలుగు మాటలే వచ్చు. ఆ రోజు వాళ్లమ్మను చేయిపట్టుకుని క్యూలో నిలబెట్టిందట. అరవై దాటిన ఆ తల్లికి ఈ దేశాన్ని ఎవరు పాలించాలో చెప్పే అవకాశం అదే మొదటిసారి.

ఫ్లైట్ దిగిందని మెసేజ్ వచ్చింది. అత్తయ్యగారిని ఇటే తీసుకొస్తాను.