పదహారు మెట్లెక్కిన దేశం

శ్రోతలందరికీ నమస్కారం. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీ రేవులో 16 రాతి మెట్లున్నాయి. ఆ చోటుని ఆప్రవాసీ ఘాట్ అంటారు. ఓడ దిగిన కూలీ ఆ మెట్లెక్కి వెళితే గుమాస్తా అతనికో నంబరు ఇచ్చి, పేరు తన చెవికి ఎలా వినపడితే అలా రాసుకునేవాడు. 1834 నుంచి మొదలుపెట్టి మన దేశం నుంచి దాదాపు నాలుగున్నర లక్షల మంది కూలీలుగా ఆ దీవికి వెళ్ళారు. వాళ్ళలో మన గోదావరి, విశాఖ, గంజాం వైపు వాళ్ళూ ఉన్నారు. కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని తెలుగువాళ్ళని అక్కడ 'కోరంగీలు' అనేవారు.

ఆ దీవికి అసలు స్థానికులంటూ ఎవరూ లేరండీ. 1598లో డచ్చివాళ్ళు దిగి, తమ యువరాజు పేరు పెట్టి, 1710లో వదిలేసి పోయారు. తర్వాత ఫ్రెంచివాళ్ళొచ్చి మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి బానిసల్ని తెచ్చి చెరకు వేయించారు. 1810లో బ్రిటిష్ వాళ్ళు దీవిని పట్టుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయితే నష్టపరిహారం ముట్టింది యజమానులకే, తరతరాలు చాకిరీ చేసినవాళ్ళకి పైసా దక్కలేదు. ఈ సంగతి ఎప్పుడు చదివినా నాకు కడుపు రగిలిపోతుంది. ఆ ఖాళీ అయిన చెరకు తోటల్లోకే మనవాళ్ళని ఒప్పందం మీద దించారు.

మన పాత తూర్పు గోదావరి జిల్లాలో ఐదో వంతు ఉండే ఆ దేశంలో ఇప్పుడు 12 లక్షల పైచిలుకు జనం ఉన్నారు. భోజ్‌పురి మూలాలవాళ్ళు, తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు, ముస్లింలు, ఆఫ్రికా సంతతి క్రియోళ్ళు, చైనీయులు, కొద్దిమంది ఫ్రెంచి సంతతివాళ్ళు, అందరూ వీధిలో మాట్లాడుకునేది ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాషే. ఉగాదికి దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్న పూజ, దీపం చుట్టూ రామభజన ఇప్పటికీ జరుగుతున్నాయి, తెలుగు ధారాళంగా రానివాళ్ళ ఇళ్ళల్లో కూడా.

ఇంతమంది కలిసి బతకడం అంత తేలిగ్గా ఏమీ కుదరలేదు. 1967 ఎన్నికల్లో సుమారు 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి పడ్డాయి, హిందూ మెజారిటీ కింద మా గతేంటన్న భయంతో. 1968 జనవరిలో పోర్ట్ లూయీలో అల్లర్లు జరిగాయి. ఆ మార్చి 12న శివసాగర్ రామ్‌గులామ్ ప్రధానిగా దేశం స్వతంత్రమైంది. ఆ భయానికి మందుగా పెట్టిందే 'బెస్ట్ లూజర్' పద్ధతి. ప్రధాన దీవిలో ఓటరుకి మూడు ఓట్లుంటాయి, ఆ దేశానికే చెందిన రోడ్రిగ్స్ దీవితో కలిపి 62 మంది గెలుస్తారు, ఆ తర్వాత ఏ వర్గానికి సభలో మనుషులు తక్కువ పడ్డారో చూసి, ఓడినవాళ్ళలో మెరుగ్గా ఓట్లు తెచ్చుకున్నవాళ్ళకి 8 దాకా సీట్లిస్తారు. 2024లో అప్పటిదాకా పాలించిన కూటమి ఒక్కచోటా గెలవలేక చిత్తుగా ఓడినప్పుడు, ఆ తర్వాత ప్రతిపక్ష నాయకుడైన ఆయన సభలోకి రాగలిగింది ఈ దారినే.

మంచిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ లెక్కకి ఆధారం 1972 జనగణన. ఆ తర్వాత వర్గం అడగడమే మానేశారు కాబట్టి, అప్పటికి పుట్టనివాళ్ళకి కూడా ఆ పాత అంకెలతోనే సీట్లు పంచుతున్నారు. రాజ్యాంగంలో ఉన్నవి నాలుగే గళ్ళు: హిందువులు, ముస్లింలు, చైనా సంతతి, మిగతా అందరూ. అభ్యర్థి తనది ఏ గడో చెప్పి తీరాలన్నారు, కుదరదని కొందరు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ దాకా వెళ్ళి 2012లో తమవైపు తీర్పు తెచ్చుకున్నారు. 2014 ఎన్నికలకి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు గానీ పద్ధతి మాత్రం మార్చలేదు. నేనైతే ఆ సీట్లు ఉంచి, ఆ గళ్ళు తీసేయాలంటాను.

మోకా ఊళ్ళో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి, 1860ల నుంచి తీసిన ఫోటోలతో సహా. ముత్తాతల కోసం ఇప్పటికీ మనుషులు అక్కడికి వెళుతుంటారు. గుమాస్తా పేరు తప్పుగా రాసి ఉంటే మాత్రం ఆ నంబరే వాళ్ళకి ఆధారం.