మే ఎండల్లో ద్రాక్షకు నీరు తగ్గించడం ఎందుకు?

రైతు సోదరులకు, సోదరీమణులకు నమస్కారం.

ఎండ ముదిరేకొద్దీ తడులు పెంచాలన్నది తాతల నాటి నుంచి మనకు అలవాటైన లెక్క. కూరగాయలకు సరిపోయే ఆ లెక్క ద్రాక్షకు మాత్రం సరిపోదు. దక్కన్ ప్రాంతంలో తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంటే తీసుకుంటాం. ఏప్రిల్ కత్తిరింపు కొమ్మల కోసం, అక్టోబరు కత్తిరింపు కాయల కోసం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనం కోసే గుత్తికి పునాది అంతకుముందు మే, జూన్ నెలల్లోనే, పైకి ఏమీ కనిపించని మొగ్గ లోపల పడుతుంది.

ముందు లేత తోట సంగతి. మొక్క నాటిన తొలి నెలల్లో వేళ్లు జానెడు మేరే ఉంటాయి కాబట్టి కొద్దికొద్దిగా, మొదలు దగ్గరే నీరు అందాలి. తీగ పందిరి వైపు సాగేకొద్దీ డ్రిప్పర్లను కాండానికి ఇరువైపులా దూరం జరపాలి. ఏడాది దాటినా వాటిని అక్కడే వదిలేస్తే వేళ్లు ఆ కొద్దిపాటి తడిలోనే చుట్టుకుపోతాయి; అలాంటి తోట, బోరు నాలుగు రోజులు ఆగిందంటే వాడిపోతుంది.

కాపుకొచ్చిన తోటకు, ఆరుబయట పెట్టిన కొలత తొట్టిలోంచి ఏ రోజు ఎంత నీరు ఆవిరైందన్నదే కొలత. పుణె దగ్గర మాంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం సిఫారసు ప్రకారం, ఏప్రిల్ కత్తిరింపు తర్వాత తొలి 40 రోజులు ఆవిరైన నీటిలో 42 శాతం, 41వ రోజు నుంచి 60వ రోజు వరకు 14 శాతం ఇవ్వాలి. మొక్కలు 10 అడుగులకు 6 అడుగుల ఎడంలో ఉన్నాయనుకుందాం. ఒక్కో మొక్క వంతుకు సుమారు 5.6 చదరపు మీటర్ల నేల వస్తుంది. రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరైతే అది 45 లీటర్ల నీరు; కొమ్మలు సాగే దశలో అందులో 19 లీటర్లు ఇస్తాం, ఆ తర్వాతి దశలో ఆరు లీటర్లతో సరిపెడతాం. నడి ఎండల్లో 19 నుంచి ఆరుకు దిగాలంటే ఎవరికైనా చెయ్యి రాదు. ఆ భయం నాకు తెలుసు.

అయినా దిగాల్సిందే. ఆ రోజుల్లో మొగ్గలో ఇంకా ఏ రూపూ ఖాయం కాని చిన్న బొడిపె ఉంటుంది. అది పూగుత్తిగానైనా మారుతుంది, నులితీగగానైనా మారుతుంది. నీరు, నత్రజని దండిగా అంది కొమ్మలు విపరీతంగా సాగి, వాటి నీడలో మొగ్గలకు వెలుతురు అందకపోతే నులితీగ వైపే మొగ్గుతుంది. అక్టోబరులో కత్తిరించాక గుత్తులు రాలేదని మందుల కొట్టుకు పరుగెత్తే రైతు, ఆ నష్టం మే నెల తడుల్లోనే జరిగిపోయిందని గమనించడు.

అలాగని తీగను ఎండబెట్టమని కాదు. పొద్దున్నే కొమ్మ కొసను పట్టుకుని చూడండి. నులితీగలు బిగువుగా కొసను దాటి ముందుకు చాచి ఉంటే కొమ్మ ఇంకా జోరుగా సాగుతున్నట్టే. అవి పొట్టిగా ఉండి, ఆకులు మాత్రం వాడకుండా నిలిస్తే మనకు కావలసిన స్థితి వచ్చినట్టు. ఎండ ఎక్కకముందే ఆకులు వేలాడుతున్నాయంటే మరీ తగ్గించామన్న మాట. ఆ రోజే నీరు పెంచాలి.

అక్టోబరు కత్తిరింపు తర్వాత చిగుళ్లకు మళ్లీ నీరు పెంచుతాం, పూత సమయంలో తగ్గిస్తాం. పిందె కట్టాక మాత్రం ఏమాత్రం లోటు రానీయకూడదు. కణాలు విభజన చెంది పెరిగే ఆ తొలి వారాల్లో నీరు చాలక గిడసబారిన పిందె, తర్వాత ఎంత పెట్టినా సరైన పరిమాణానికి రాదు. కాయ మెత్తబడి తీపి పట్టే దశలో తడికీ తడికీ మధ్య ఎడం ఒకేలా ఉండాలి. బాగా ఆరిన నేలకు ఒక్కసారిగా నీరు వదిలితే పండు పగులుతుంది. పూర్తిగా ఆపేస్తే గుత్తిలోనే వడలి, కోతనాటికి బరువు తగ్గుతుంది.